తల్లిదండ్రులు విడిపోయిన పిల్లల కోసం ఒక యాప్: మన పాలమూరు, నల్లగొండ పిల్లలకు పనికొచ్చేలా ఎలా తయారుచేయాలి?

జడ్చర్ల డెవలపర్

అందరికీ నమస్కారం. నేను జడ్చర్లలో పుట్టి పెరిగి, ఇప్పుడు హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ పని చేస్తున్నాను. మా పెద్దమ్మ కూతురు నిరుడు భర్త నుండి విడిపోయి ఇద్దరు పిల్లలతో తల్లిగారింటికి వచ్చింది. పెద్దవాడికి పదేళ్లు, చిన్నదానికి ఆరేళ్లు. ఆ ఇంటికి వెళ్లినప్పుడల్లా పెద్దలు భరణం గురించి, పెళ్లినాడు పెట్టిన బంగారం గురించి, తిరిగి రావలసిన సామాను గురించి గంటల తరబడి మాట్లాడుకోవడం విన్నాను గానీ, పక్క గదిలో ఆ మాటలన్నీ వింటూ కూర్చున్న ఆ ఇద్దరితో ఎవరైనా కాసేపు కూర్చుని మాట్లాడటం నేను చూడలేదు. మొన్న చిన్నది నా దగ్గరికి వచ్చి, "మామా, నేను అన్నం తినకుండ సతాయించిన అనేనా నాయన పోయిండు?" అని అడిగింది. నేను ఏదో చెప్పి ఊరుకోబెట్టాను. ఏం చెప్పానో నాకే గుర్తులేదు.

అప్పటి నుండి తెలుగులో ఇలాంటి పిల్లల కోసం ఒక యాప్ తయారుచేయాలని ఆలోచిస్తున్నాను. ఇప్పటికి నేను అనుకున్నది ఇది. ఆరు నుండి పద్నాలుగేళ్ల పిల్లలు వాడుకుంటారు. రోజూ ఐదు ముఖాల బొమ్మల్లో ఒకటి నొక్కి ఆ రోజు మనసు ఎలా ఉందో చెబుతారు. డైరీ రాసుకుంటారు, లేదా గొంతుతో చెబుతారు. ఏ రోజు అమ్మ దగ్గర, ఏ రోజు నాన్న దగ్గర ఉంటారో చూపే క్యాలెండర్ ఉంటుంది. వారానికొకసారి తల్లికీ తండ్రికీ ఇద్దరికీ ఒక నివేదిక వెళుతుంది. వరుసగా మూడు రోజులు ఏడుపు ముఖం నొక్కితే వెంటనే హెచ్చరిక వెళుతుంది. ఇందులో లోపాలు ఉంటే మొహమాటం లేకుండా చెప్పండి.

వనపర్తి కౌన్సెలర్

మీ మేనకోడలు అడిగిన ప్రశ్న దగ్గరే ఈ పని మొదలుకావాలి. ఆరేడేళ్ల లోపు పిల్లలకు తమ చుట్టూ జరిగే ప్రతిదానికీ తామే కారణం అనిపిస్తుంది, అందుకే తాను అల్లరి చేయడం, నాయన ఇల్లు విడిచిపోవడం అనే రెండు సంఘటనలను ఆ పసి మనసు ముడివేస్తుంది. తొమ్మిది పదేళ్లు దాటిన పిల్లలు మరోలా ఉంటారు. వాళ్లు తప్పు ఎవరిదో తేల్చాలని చూస్తారు, ఒకరి పక్షాన నిలబడతారు, రెండో వారి పేరు ఎత్తితే మండిపడతారు. ఇంకా పెద్ద పిల్లలు, ముఖ్యంగా ఇంటికి పెద్ద కూతుళ్లు, తల్లిని ఓదార్చడం, తమ్ముడికి అన్నం పెట్టడం, ఇంటి అప్పుల లెక్క గుర్తుపెట్టుకోవడం తమ నెత్తిన వేసుకుని, చూసేవారికి బుద్ధిమంతుల్లా కనిపిస్తూ లోపల నలిగిపోతుంటారు. ఇన్ని రకాల పిల్లలకు ఒకే తెర సరిపోదు.

విడాకులు అనే ఒక్క సంఘటన కన్నా, దానికి ముందూ వెనుకా తల్లిదండ్రుల మధ్య సాగే గొడవే పిల్లలను ఎక్కువగా దెబ్బతీస్తుందని దశాబ్దాల పరిశోధనలు చెబుతున్నాయి. మన ఇళ్లలో ఆ గొడవ పిల్లల నోటి ద్వారానే నడుస్తుంది. "ఫీజు కట్టలేదని మీ నాయనకు చెప్పు" అని తల్లి, "మీ అమ్మ ఫోనులో ఎవరితో మాట్లాడుతుంది?" అని తండ్రి అడుగుతుంటే, మధ్యలో ఆ పిల్లవాడు అడకత్తెరలో పోకచెక్క అవుతాడు. పిల్లలను మాటలు మోసే పని నుండి తప్పించగలిగితే మీ యాప్ సగం విజయం సాధించినట్టే.

ఒక పద్ధతి చెబుతాను. అమెరికాలోని రోచెస్టర్‌లో 1980లలో ఇలాంటి పిల్లల కోసం బడుల్లోనే చిన్న చిన్న బృందాలుగా కూర్చోబెట్టి నడిపే ఒక కార్యక్రమం రూపొందింది. అందులో నేర్పే ముఖ్యమైన నేర్పుల్లో ఒకటి, తాను పరిష్కరించగలిగిన సమస్య ఏది, తన చేతిలో లేనిది ఏది అని విడదీయడం. నేను దీన్ని రెండు గంపలతో చేయిస్తాను. ఒక గంప "నా పని", రెండోది "పెద్దల పని". చీటీల మీద రాసిన విషయాలను పిల్లలు తామే ఆ గంపల్లో వేస్తారు. హోంవర్క్ చేయడం నా పని. అమ్మానాన్నలను కలపడం పెద్దల పని. భరణం సంగతి పెద్దల పని. "అమ్మను నవ్వించడం" అన్న చీటీ చేతిలోకి వచ్చినప్పుడు చాలామంది పిల్లలు దాన్ని పట్టుకుని అలాగే ఆగిపోతారు. ఆ ఆగిపోయిన క్షణంలోనే వాళ్లతో మాట్లాడటానికి చోటు దొరుకుతుంది. ముఖాల బొమ్మలు నొక్కించడం కన్నా ఈ ఆట తెర మీదికి తేవడం మేలని నా అభిప్రాయం.

గద్వాల అక్క

నేను ఈ చర్చలో నిపుణురాలిగా రాయడం లేదు. నాకు తొమ్మిదేళ్లు ఉన్నప్పుడు మా అమ్మానాన్నలు విడిపోయారు. అయితే ఆ సంగతి నాకు పదకొండో ఏట తెలిసింది. ఆ రెండేళ్లూ "నాయన బొంబాయికి పనికి పోయిండు" అనే చెప్పారు. మా ఊళ్లో సగం ఇళ్లలో తండ్రులు బొంబాయికో పుణేకో వలస వెళ్లినవాళ్లే కాబట్టి నాకు అనుమానం రాలేదు. అందరి నాయనలూ పండుగకు వచ్చేవారు, మా నాయన వచ్చేవాడు కాదు. ప్రతి దసరాకు బస్టాండు దాకా పోయి నిలబడేదాన్ని. చివరికి నిజం చెప్పింది మా ఇంటివాళ్లు కాదు, నీళ్ల ట్యాంకు దగ్గర నా తోటి పిల్ల. పాలమూరు పిల్లల విషయంలో ఈ ఒక్కటి మరిచిపోకండి: ఇక్కడ వలస వెళ్లిన తండ్రికీ విడిపోయిన తండ్రికీ మధ్య తేడా పిల్లకు కనిపించదు, ఎవరైనా చెబితే తప్ప.

మీ ప్రణాళికలో నాకు భయం కలిగించింది ఆ వారపు నివేదిక. నాకు అప్పట్లో ఒక నోటుబుక్కు ఉండేది. నాయన యాదికొస్తున్నాడని అందులో రాశానని మా అమ్మ ఒకరోజు చదివి రెండు రోజులు అన్నం తినలేదు. ఆమె నన్ను ఏమీ అనలేదు, కొట్టలేదు. కానీ ఆ తరువాత నేను ఏ కాగితం మీదా నిజం రాయలేదు. మీరు తల్లిదండ్రులకు నివేదిక పంపిస్తే పిల్లలు రెండో వారానికే నవ్వు ముఖం నొక్కడం నేర్చుకుంటారు. అమ్మ సంతోషపడాలని నొక్కుతారు.

మిర్యాలగూడ న్యాయవాది

గద్వాల సోదరి చెప్పిన దానికి చట్టం వైపు నుండి కొంత చేర్చాలి, ఎందుకంటే ఈ డైరీ ఇంట్లోనే ఆగదు, కోర్టు దాకా రాగలదు.

1984 నాటి కుటుంబ న్యాయస్థానాల చట్టంలోని 14వ సెక్షన్ ప్రకారం, వివాదం పరిష్కారానికి ఉపయోగపడుతుందని న్యాయమూర్తి భావిస్తే, సాక్ష్యాధారాల చట్టం కింద చెల్లుతుందా లేదా అన్న దానితో నిమిత్తం లేకుండా ఏ నివేదికనైనా, పత్రాన్నైనా స్వీకరించవచ్చు. భార్యాభర్తల మధ్య రహస్యంగా రికార్డు చేసిన ఫోను సంభాషణలను కూడా వైవాహిక వివాదంలో సాక్ష్యంగా తీసుకోవచ్చని 2025 జూలైలో సుప్రీంకోర్టు చెప్పింది. కస్టడీ కోసం పోట్లాడుకుంటున్న తల్లిదండ్రుల చేతికి "మూడు రోజులు ఏడుపు ముఖం, మూడూ తండ్రి దగ్గర ఉన్న రోజులే" అన్న నివేదిక వస్తే, మరుసటి వాయిదాకు అది ప్రింటు తీసి నా బల్ల మీద పెడతారు. వాళ్లు పెట్టమంటే నేను కూడా దాన్ని కోర్టులో పెట్టాల్సి వస్తుంది. ఆ పిల్లవాడు తన మనసు చెప్పుకున్నందుకు సాక్షి అవుతాడు.

పిల్లల ఇష్టాన్ని కోర్టు అసలు పట్టించుకోదని ఎవరూ అనుకోవద్దు. 1890 నాటి గార్డియన్లు, మైనర్ల చట్టం 17వ సెక్షన్‌లో, తెలివిగా ఇష్టం చెప్పగలిగిన వయసు ఉన్న మైనర్ ఇష్టాన్ని కోర్టు పరిగణనలోకి తీసుకోవచ్చని ఉంది. 1956 నాటి హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం 13వ సెక్షన్ మైనర్ సంక్షేమమే అన్నిటికన్నా ముఖ్యమని చెబుతుంది. చాలా సందర్భాల్లో న్యాయమూర్తులు పిల్లలను తమ ఛాంబర్‌కు పిలిచి, ఎవరూ లేకుండా మెల్లగా మాట్లాడతారు. ఆ మాట్లాడే పని న్యాయమూర్తిదే, ఫోనుది కాదు.

మరో ముడి కూడా ఉంది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 9వ సెక్షన్ 18 ఏళ్లలోపు వారి సమాచారం సేకరించడానికి తల్లి లేదా తండ్రి అనుమతి ఉండాలని, ఆ అనుమతిని నిర్ధారించుకోవాలని అంటుంది, పిల్లల ప్రవర్తనను వెంటాడి గమనించడాన్ని నిషేధిస్తుంది. తల్లి సరేనని, తండ్రి వద్దని అన్నప్పుడు ఏం చేస్తారు? నా సలహా ఒక్కటే. ఏ సమాచారమూ సేకరించకండి.

జడ్చర్ల డెవలపర్

మీ ముగ్గురి మాటలు రెండు రోజులు మళ్లీ మళ్లీ చదివాను. నివేదిక తీసేస్తున్నాను. హెచ్చరిక కూడా తీసేస్తున్నాను. నిజం చెప్పాలంటే, ఆ రెండింటినీ నేను పిల్లల కోసం పెట్టలేదు, పెద్దలకు ఈ యాప్ మీద నమ్మకం కలగాలని పెట్టాను.

డైరీ బదులు నాకు తట్టింది పలక. మనం చిన్నప్పుడు బలపంతో రాసి, తడిగుడ్డతో తుడిచేసినట్టే, పిల్లలు తెర మీద వేలితో రాసినా, బొమ్మ గీసినా, గొంతుతో చెప్పినా, తుడిచేయగానే మొత్తం పోతుంది. తుడవడం మరిచిపోయి పక్కన పెట్టినా తెర ఆరిపోగానే పోతుంది. ఫోనులో నిలవ ఉండదు, సర్వరే ఉండదు. ఖాతా తెరవాల్సిన పని లేదు, పేరు అడగము, ఫోను నంబరు అడగము. యాప్ పేరు కూడా "పలక" అనే పెడదామనుకుంటున్నాను, అప్పుడు తెర మీద ఆ గుర్తు చూసిన తోటి పిల్లలకు ఇది దేని గురించో తెలియదు.

నల్లగొండ టీచర్

పలక ఆలోచన బాగుంది. అయితే ఫోను ఎవరిది అన్న ప్రశ్న అలాగే ఉంది. మా బడిలో ఎనిమిదో తరగతి పిల్లలను గమనిస్తే, ఇంటికి ఒక్కటే ఫోను, అది తల్లి పనికి వెళ్లేటప్పుడు తనతో వెళ్లిపోతుంది. సాయంత్రం వచ్చాక అది అన్నకు పాటలకు, తమ్ముడికి ఆటలకు, ఆ తరువాత నాన్నమ్మకు సీరియల్‌కు కావాలి. పిల్లకు దక్కేది పదిహేను నిమిషాలు, అదీ అందరి మధ్య. కాబట్టి ప్రతి భాగమూ ఐదు నిమిషాల్లో ముగియాలి, నెట్ లేకుండా నడవాలి, పాత ఫోనుల్లో కూడా తెరుచుకోవాలి.

ఇంకో సంగతి. ఇల్లు విరిగినప్పుడు మా వైపు చాలామంది పిల్లలను గురుకులాల్లోనో, ఆడపిల్లలైతే కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాల్లోనో చేర్పిస్తారు. అక్కడ పిల్లల చేతికి ఫోనులు ఇవ్వరు. ఎవరికి ఈ సహాయం అందరికన్నా ఎక్కువ అవసరమో వాళ్లే మీ యాప్‌కు అందకుండా పోతారు. గంపల ఆటకు చీటీలు ప్రింటు తీసుకునేలా ఒక పుట కూడా ఇవ్వండి, మేము బడిలో అట్టముక్కల మీద అంటించి ఆడిస్తాం.

ముఖాల బొమ్మల గురించి ఒక మాట. "విచారం", "ఆందోళన" అని కింద రాస్తే మా పిల్లలకు అది పాఠ్యపుస్తకంలా ఉంటుంది. వాళ్లు "బుగులు అయితుంది" అంటారు, "రంది పెట్టుకున్న" అంటారు, "యాదికొస్తున్నడు" అంటారు, "కడుపుల ఎట్లనో అయితుంది" అంటారు. కడుపునొప్పి అని సెలవు చీటీ తెచ్చే పిల్లల్లో ఎంతమందికి నిజంగా కడుపులో నొప్పి ఉంటుందో, ఎంతమందికి ఇంట్లో నొప్పి ఉంటుందో ఇన్నేళ్ల నా ఉద్యోగంలో నేను కొంత తెలుసుకున్నాను. ఆ మాటలే తెర మీద కనిపించాలి, ఆ యాసలోనే వినిపించాలి.

అన్నిటికన్నా పెద్ద అడ్డంకి మన సామెతే. "ఇంటిగుట్టు లంకకు చేటు" అని పిల్లలకు ఊహ తెలిసినప్పటి నుండి నేర్పుతాం. అందువల్ల ఏ పిల్లా నోరు తెరిచి చెప్పదు. యాప్‌లో మొట్టమొదట వినిపించాల్సిన మాట, "ఇది చెప్పినందుకు నువ్వు ఇంటిగుట్టు బయటపెట్టినట్టు కాదు" అన్నది కావాలని నా విన్నపం.

దేవరకొండ తాత

నేను తపాలా శాఖలో పనిచేసి విశ్రాంతి తీసుకున్న వాడిని. నా కూతురు కొడుకు నాలుగేళ్లుగా నా దగ్గరే పెరుగుతున్నాడు. మీరందరూ కోర్టు, వాయిదా, కస్టడీ అని రాస్తున్నారు. మా ఇంట్లో ఇవేవీ జరగలేదు. పెద్దమనుషులు కూర్చున్నారు, ఒక పూటలో తేల్చారు, ఇడుపు కాయితం రాసి వేలిముద్రలు వేయించారు, అంతే. మా చుట్టుపక్కల తండాల్లో కూడా పంచాయితీలోనే తెగతెంపులు జరుగుతాయి. మీ యాప్‌లో "కోర్టు అంటే ఏమిటి, జడ్జి గారు ఏం అడుగుతారు" అని మొదలుపెడితే నా మనవడికి అది వేరే ఎవరి కథో అనిపిస్తుంది. ఆ పంచాయితీ మా వాకిట్లోనే జరిగింది. వాడు గడప మీద కూర్చుని అంతా విన్నాడు. "పిల్లగాడు ఎవరి పాలు?" అని ఒక పెద్దమనిషి అడిగిన మాట వాడు ఇప్పటికీ నిద్రలో పలవరిస్తాడు.

వాడు నన్ను అడిగే ప్రశ్నలకు నా దగ్గర జవాబులు లేవు. అమ్మ మారుమనువు చేసుకుంటే నేను ఆ ఇంటికి పోవాలా? నాయన ఇంట్లో నా మేకపిల్ల ఉంది, అది నాదేనా? నేను పెద్దగైనంక నాయన నన్ను గుర్తుపడతడా? నేను చదువుకున్న వాడినే అయినా ఈ ప్రశ్నలకు ఏ మాట చెబితే వాడి మనసు కుదుటపడుతుందో తెలియక, "పడుకో బిడ్డా" అంటాను. పిల్లల కోసం ఎంత చేస్తారో చేయండి, దానితో పాటు వాళ్లను పెంచుతున్న తాతమ్మలకు, తాతయ్యలకు, అమ్మమ్మలకు, నాయనమ్మలకు కూడా ఏం చెప్పాలో వినిపించే భాగం ఒకటి పెట్టండి. చదివేది కాదు, వినేది కావాలి. మా ఆవిడకు చదవడం రాదు, రాత్రి పూట వాడిని పక్కలో వేసుకునేది ఆమే.

మిర్యాలగూడ న్యాయవాది

పెద్దాయన చెప్పింది చట్టప్రకారం కూడా గమనించాల్సిన విషయం. 1955 నాటి హిందూ వివాహ చట్టం 29వ సెక్షన్ ఆచారం ప్రకారం తీసుకునే విడాకులను గుర్తిస్తుంది. అలాంటి ఆచారం నిజంగా ఉందని, చాలాకాలంగా నడుస్తున్నదని నిరూపించాల్సి రావచ్చు. అదే చట్టం 2వ సెక్షన్ ప్రకారం, కేంద్ర ప్రభుత్వం ప్రత్యేకంగా ప్రకటిస్తే తప్ప, షెడ్యూల్డ్ తెగలకు ఈ చట్టం వర్తించదు, కాబట్టి లంబాడా కుటుంబాలకు సాధారణంగా వాళ్ల ఆచారమే ప్రమాణం. కోర్టు భాగాన్ని మొదట్లో కాకుండా, అవసరమైన వాళ్లు మాత్రమే తెరిచేలా లోపల పెట్టండి. ఏ కాగితం మీద విడిపోయినా పిల్లవాడి పోషణ బాధ్యత తండ్రి నుండి తొలగిపోదన్న మాట మాత్రం పెద్దల భాగంలో స్పష్టంగా ఉండాలి. ఉచిత న్యాయ సహాయం కోసం జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంది, 15100 నంబరుకు ఫోను చేయవచ్చు.

నారాయణపేట నాన్న

విడిపోయిన తండ్రుల తరఫున ఎవరూ రాయలేదు కాబట్టి రాస్తున్నాను. నేను మా పాపను నెలకు రెండు ఆదివారాలు కలుస్తాను. మహబూబ్‌నగర్‌లో పిల్లలమర్రి దగ్గర కలుసుకుంటాం, ఎందుకంటే అది నా ఇల్లూ కాదు, వాళ్ల ఇల్లూ కాదు. పాప ఆ మర్రి దగ్గర పరుగెత్తుతుంటే నేను చూస్తూ కూర్చుంటాను.

క్యాలెండర్ గురించి నా అనుభవం చెప్పాలి. ఒక ఆదివారం ఫ్యాక్టరీలో నా తరువాతి షిఫ్టు మనిషి రాలేదు, నన్ను వదలలేదు. నేను ఫోను చేసి చెప్పేసరికి పాప తయారై, జడలు వేయించుకుని, రెండు గంటలు గేటు దగ్గర నిలబడిందట. ఇంట్లో గోడ మీద క్యాలెండర్‌లో ఆ తేదీ చుట్టూ ఎర్ర పెన్నుతో గుండ్రంగా గీసి ఉంది. ఆ గీత ఆమెకు నా మాట కన్నా పెద్దది. మీ యాప్ నెల ముందే "ఆదివారం నాన్న వస్తాడు" అని చూపిస్తే, నేను రాలేని రోజు యాప్ కూడా ఆమెకు అబద్ధం చెప్పినట్టవుతుంది. ఆ రోజు ఉదయం పెద్దలు ఖాయం చేసిన తరువాతనే అది కనిపించాలి. నేను రాలేకపోతే దాని కారణం నా గొంతుతో ఆమెకు వినిపించే వీలు ఉండాలి. దసరాకు ఎక్కడ, కురుమూర్తి జాతరకు ఎవరు తీసుకెళ్తారు అన్న ప్రశ్నలు మా పాప జూన్ నుండే అడగడం మొదలుపెడుతుంది. వాటికి "ఇంకా తేలలేదు, తేల్చే పని మాది" అని చెప్పడమే నయమని ఇప్పుడు నాకు అనిపిస్తోంది.

సూర్యాపేట తల్లి

ఇంతసేపూ చదివి ఊరుకుందామనుకున్నాను గానీ ఒక మాట అడగాలి. నేను ఒంటరిగా ఇద్దరు కొడుకులను పెంచుతున్నాను. పొద్దంతా పనిచేసి ఇంటికి వచ్చేసరికి వాళ్లు నిద్రపోతుంటారు. నా కొడుకు నాతో చెప్పని మాట ఒక యంత్రానికి చెబుతాడా? చెప్పి తుడిచేస్తాడా? వాడు దేనికి ఏడుస్తున్నాడో తెలుసుకునే హక్కు కన్నతల్లికి లేదా? మీరందరూ తల్లిదండ్రులను దొంగల్లా చూస్తున్నారనిపించి నాకు బాధ కలిగింది. వాడి మనసు తెలిస్తే నేను సరిదిద్దుకుంటాను కదా.

గద్వాల అక్క

అమ్మా, మీ మాట మా అమ్మ మాటలాగే ఉంది. ఆమె కూడా నన్ను తెలుసుకోవాలనే ఆ నోటుబుక్కు చదివింది, నన్ను పట్టుకోవాలని కాదు. మీకు హక్కు లేదని నేను అనను. కానీ పిల్ల తానుగా వచ్చి చెప్పడం వేరు, మనం వెతికి చదవడం వేరు. ఆ రోజు మా అమ్మ నోటుబుక్కు చదివాక దాన్ని దాచిపెట్టకుండా, నన్ను దగ్గర కూర్చోబెట్టుకుని "నాయన యాదికొస్తే నాకు చెప్పు, నేను ఏడిస్తే నీ మీద కోపంతో కాదు" అని ఉంటే, నేను ఆమెకు అన్నీ చెప్పేదాన్ని. యాప్ మీకు మీ కొడుకు మాటలు అందించకపోయినా, వాడు మీ దగ్గరికి రావడానికి ధైర్యం ఇవ్వగలిగితే అది మీకు మేలే చేస్తుంది.

జడ్చర్ల గారూ, పలకను తుడిచే ముందు "దీన్ని ఎవరికైనా చూపిస్తావా?" అని ఒక్కసారి అడగండి. చూపిస్తానంటే తుడవకుండా తెర అలాగే ఉంచండి, పిల్ల ఫోను పట్టుకుని వెళ్లి తానే చూపిస్తుంది. పంపించడం ఉండొద్దు.

సూర్యాపేట తల్లి

అలాగైతే ఒప్పుకుంటాను.

వనపర్తి కౌన్సెలర్

అన్నిటితో ఏకీభవిస్తూనే ఒక భయం చెప్పాలి. ఏదీ నిలవ ఉండకపోతే, ఎవరూ వినకపోతే, నిజంగా ప్రమాదంలో ఉన్న పిల్ల సంగతి ఏమిటి? కొట్టే సవతి తండ్రో, చేయి వేసే బంధువో ఉన్న ఇంట్లో ఆ పిల్ల పలక మీద రాసి తుడిచేసుకుంటే మనం ఆమెను ఇంకా ఒంటరిని చేసినట్టే. దీనికి పూర్తి పరిష్కారం నాకు కనిపించలేదు. కనీసం ప్రతి తెర మీదా ఒకే చోట 1098 ఉండాలి. అది పగలూ రాత్రీ పనిచేసే పిల్లల సహాయ నంబరు, డబ్బులు పడవు. ఏం చెప్పాలో తెలియని పిల్లకు మొదటి వాక్యం కూడా అక్కడే వినిపించాలి. ఇంట్లోని ఫోను నుండి చేస్తే ఆ నంబరు కాల్ జాబితాలో కనిపిస్తుంది కాబట్టి, బడిలో టీచర్ ఫోను నుండో, నమ్మిన పక్కింటి అత్త ఫోను నుండో చేయవచ్చని కూడా చెప్పాలి. మనసు కుంగిపోయిన పెద్దల కోసం, 2022 అక్టోబరులో మొదలైన టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య సహాయ నంబరు 14416 తాతయ్య గారు అడిగిన భాగంలో పెట్టండి. తెలుగులోనే మాట్లాడతారు.

పిల్లలతో పరీక్షించకుండా దీన్ని బయటికి వదలవద్దని గట్టిగా చెబుతున్నాను. సెసమీ స్ట్రీట్ అనే అమెరికా పిల్లల టెలివిజన్ కార్యక్రమం వారు 1992లో ఒక బొమ్మ పాత్ర తల్లిదండ్రులు విడాకులు తీసుకునే భాగాన్ని నిపుణులతో చర్చించి ఎంతో జాగ్రత్తగా చిత్రీకరించారు. ప్రసారానికి ముందు చిన్నపిల్లలకు చూపిస్తే, తల్లిదండ్రులు ఇంకా ప్రేమిస్తున్నారన్న సంగతి వాళ్లకు అందలేదు సరికదా, తమ ఇంట్లోనూ ఇలాగే జరుగుతుందని భయపడ్డారు. ఆ భాగాన్ని ప్రసారం చేయకుండా పక్కన పెట్టేశారు. మళ్లీ 2012లో, ఆ ఇళ్ల పిల్లలకు, వాళ్ల పెద్దలకు మాత్రమే ఉద్దేశించి వేరే విధంగా చేశారు. ఎంత మంచి ఉద్దేశంతో చేసినా, పిల్లవాడి చెవికి ఏం వినిపిస్తుందో వాడిని అడిగితేనే తెలుస్తుంది.

పెద్దల వైపు కూడా కొంత ఒత్తిడి ఉండాలి. డెన్మార్క్‌లో 2019లో, 18 ఏళ్లలోపు పిల్లలు ఉన్న దంపతులు విడాకులు కోరితే మూడు నెలలు ఆగి, పిల్లలతో ఎలా మెలగాలో నేర్పే ఒక డిజిటల్ పాఠం పూర్తిచేయాలని చట్టం తెచ్చారు. ఆ పాఠాన్ని కోపెన్‌హాగన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు తయారుచేశారు. మన దగ్గర అలాంటి నిబంధన లేదు గానీ, మీ పెద్దల భాగం అరగంట వినిపించేలా ఉంటే లోక్ అదాలత్ రోజుల్లో వరండాలో కూర్చున్న దంపతులకు వినిపించవచ్చు.

జడ్చర్ల డెవలపర్

పది రోజుల తరువాత రాస్తున్నాను. యాప్ ఇంకా తయారుకాలేదు. టీచర్ గారు చెప్పినట్టు ముందు అట్టముక్కలతో మొదలుపెట్టాను. క్యాలెండర్‌ను నారాయణపేట అన్న చెప్పినట్టు మార్చాను, కోర్టు భాగాన్ని లోపలికి జరిపాను, మొదటి తెర మీద ఇంటిగుట్టు గురించిన మాట పెట్టాను. గొంతుల కోసం మహబూబ్‌నగర్, నల్లగొండ, గద్వాల వైపు మాట్లాడే నలుగురు పెద్దవాళ్లు కావాలి. దేవరకొండ తాతయ్య గారూ, మీ ఇంట్లో అమ్మమ్మ గారు ఒప్పుకుంటే, మనవడిని పడుకోబెట్టేటప్పుడు ఆమె మాట్లాడే తీరే మాకు కావాలి.

నిన్న జడ్చర్లలో మా అక్క ఇంట్లో అక్క అనుమతితో చిన్నదాని ముందు రెండు గంపలు పెట్టి చీటీలు చదివి వినిపించాను. "అన్నం తినడం" తన గంపలో వేసుకుంది. "నాయన ఇల్లు విడిచి పోవడం" అన్న చీటీని చాలాసేపు పట్టుకుని, పెద్దల గంపలో వేసి, అది సరిగ్గా పడిందా అని తొంగి చూసింది. నేను ఏమీ అనలేదు. "అమ్మ ఏడవడం" అన్న చీటీ దగ్గర మాత్రం ఆగిపోయి, ఏ గంపలోనూ వేయకుండా తన గౌను జేబులో పెట్టుకుని, "ఇంకో గంప లేదా మామా?" అని అడిగింది. దానికి ఏం చెప్పాలో తెలియక మీ దగ్గరికి వచ్చాను. మూడో గంప ఉండవచ్చా?

వనపర్తి కౌన్సెలర్

పెట్టండి. దానికి పేరు మీరు పెట్టవద్దు, ఆమెనే అడగండి. ఆ చీటీని ఆమె జేబులో నుండి తీయమని మాత్రం ఇప్పుడే అనకండి.